మేస్త్రీ జవాబు: వెడల్పు చేయించిన మాజ్డా మళ్ళీ పాత రూపానికి వస్తుందా?

ప్రశ్న: మేస్త్రీ గారూ, మాది ఇందుకూరుపేట దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చూసుకుంటాం. మా పెదనాన్న ఇంగ్లండులో డాక్టరుగా చేసి, తిరిగొచ్చేటప్పుడు 1992 మోడల్ మాజ్డా ఎంఎక్స్-5 తెచ్చుకున్నారు. రెండు సీట్లు, గుడ్డ టాపు, స్విచ్చి వేస్తే పైకి లేచే లైట్లు. రిజిస్ట్రేషన్ నెల్లూరులోనే, ఏపీ 26 నంబరు. ఆర్సీలో రంగు నీలం. ఆయన పోయాక మా అన్న చెన్నైలో చదువుకుంటూ కారును అక్కడికి తీసుకుపోయాడు. నాలుగు చక్రాల మీదా ఫైబర్ రెక్కలు రివెట్లతో కొట్టించి, వెడల్పు వీల్స్ వేయించి, మెరుపు లేని నలుపు రంగు వేయించాడు. ఇప్పుడు అన్న అమెరికాలో, కారు మా మేత షెడ్డులో. ఒక లైటు లేవడం లేదు. పెద్దమ్మ మాత్రం "మీ పెదనాన్న ఉన్నప్పుడు ఎట్లుందో అట్లా చేయించరా" అని ఒకటే పోరు. ఆర్సీ రెన్యువల్ కూడా దగ్గరికొస్తోంది. ఇక్కడ ఒక షెడ్డులో చూపిస్తే బానెట్‌కు అయస్కాంతం పెట్టి చూసి, "అంతా పుట్టీయే, లోపల రేకు లేదు, కొత్త బానెట్ కావాలి" అన్నారు. మిగతాదంతా రెక్కలు పీకి రంగు వేస్తే నలభై వేలలో అయిపోతుందన్నారు. నమ్మొచ్చా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ బానెట్‌ను కాపాడుకోండి. అయస్కాంతం అంటుకోకపోవడం దాని తప్పు కాదు. మొదటి తరం ఎంఎక్స్-5కు బానెట్ కంపెనీ నుంచే అల్యూమినియం. ముందువైపు బరువు తగ్గించడానికి అట్లా చేశారు. మొత్తం కారే టన్నుకు లోపు. మారుతీలూ హ్యుందాయ్‌లూ చూసిన చేయి కాబట్టి ఆ షెడ్డాయన అట్లా అనుంటాడు, మోసమని నేననను. అనుమానం తీరాలంటే బానెట్ ఎత్తి, కింది వైపు అంచున కనపడని చోట ఎమరీ పేపరుతో గోరంత రుద్దండి. తెల్లగా మెరుస్తుంది, ఎర్ర తుప్పు ఉండదు. పైన నిజంగానే పుట్టీ ఉంటే ఉండొచ్చు, అది వేరే మాట. దానికోసం బానెట్ మార్చక్కరలేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నా. స్టీలు రేకు మీద తిప్పిన గ్రైండర్ డిస్కు, స్టీలు బ్రష్షు అదే చేత్తో బానెట్ మీద పెట్టనివ్వకండి. స్టీలు రజను అల్యూమినియంలో ఇరుక్కుంటే కొన్నాళ్ళకు పెయింటు కింద బుడగలు లేస్తాయి. పుట్టీ గీకాల్సి వస్తే వేరే డిస్కు, వేరే పేపరు. మైలు రాయి లాగా మొండిగా ఉండే స్టీలును కొట్టినట్టు దీన్ని సుత్తితో కొట్టకూడదు కూడా. మెత్తన లోహం, ఒకసారి సాగితే వెనక్కి రాదు.

ఇక అసలు కథ రెక్కల కింద ఉంది. కారును పాత రూపానికి తేవడం అంటే వేసినవి తీసేయడం అనుకుంటారు చాలామంది. అది వేయడానికి ముందు ఏం కోశారన్నది తేలితే గానీ ఎంత పనో తెలియదు. బంపర్లు, సైడ్ స్కర్టులు, స్పాయిలర్లు విప్పితే పోతాయి, నాలుగు రంధ్రాలు మిగులుతాయి. చక్రాల మీది రెక్కలు అట్లా కాదు. వెడల్పు వీలు, కిందికి దించిన స్ప్రింగు పడితే టైరు పైకొచ్చి మడ్‌గార్డు అంచుకు రాసుకుంటుంది. అది రాసుకోకుండా కంపెనీ రేకును వంపు పొడవునా కోసేసి, ఆ కోత కనపడకుండా పైన ఫైబర్ కప్పుతారు.

మీ కారుకు ముందు ఫెండర్లు, అంటే చక్రాల మీది మడ్‌గార్డు రేకులు, బోల్టులతో బిగించినవే. వాటిని కోసినా బాధ లేదు, మార్చుకోవచ్చు. అసలు కోయకుండా విప్పి పక్కన పెట్టి, వేరేవి బిగించారేమో కూడా అడగండి. అన్నకు ఫోన్ చేసి ముందు అడగాల్సిన మాట అదే: పాత ఫెండర్లు, పాత వీల్స్, పాత బంపరు ఎక్కడున్నాయి అని. చెన్నైలో ఏ స్నేహితుడి మేడ మీదో గోనెపట్టా కప్పుకుని ఉండొచ్చు. ఆ ఫోన్ ఒక్కటి మీకు లక్షలు మిగల్చగలదు.

వెనక మాత్రం ఫెండరు విప్పేది కాదు. డోరు వెనక నుంచి డిక్కీ దాకా ఒకే రేకు, బాడీకి స్పాట్ వెల్డింగ్ చేసి ఉంటుంది. చక్రం వంపు దగ్గర బయటి రేకు, లోపలి రేకు రెండూ కలిసి అంచు మడిచి అతుకుతారు. ఆ అంచును కోశారంటే రెండు రేకుల మధ్య సందు తెరుచుకున్నట్టే. మళ్ళీ వెల్డ్ చేసి సీలరు పూయకుండా వదిలేస్తే టైరు చిమ్మే నీళ్ళు, మట్టి నేరుగా లోపలికి పోతాయి. మీ ఊరి నుంచి మైపాడు సముద్రం ఎంత దూరమో నాకు మీరు చెప్పక్కరలేదు. ఆ ఉప్పు గాలికి, కోసిన నగ్నపు రేకుకు మధ్య ఏం జరిగుంటుందో రెక్క తీస్తే తెలుస్తుంది.

తీయకముందే కొంత తెలుసుకోవచ్చు. వెనక చక్రం జాకీ మీద ఎత్తి, స్టాండు పెట్టి, చక్రం విప్పేయండి. టార్చి పట్టుకుని వంపు లోపల కింది నుంచి వేళ్ళు పోనివ్వండి, గ్లౌజు వేసుకుని. నున్నగా మడిచిన అంచు, వరసగా చిన్న చిన్న గుంటల్లాంటి స్పాట్ గుర్తులు తగిలితే దేవుడు మీ పక్షాన ఉన్నాడు. రంపం పళ్ళ లాగా గరుకుగా, అక్కడక్కడ నల్ల సీలెంటో ఫోమో కూరినట్టు తగిలితే కోసేశారని అర్థం. ఆ రెండో మాటే నిజం అయ్యే అవకాశం ఎక్కువ, ముందే మనసు గట్టి చేసుకోండి.

ఇప్పుడు నలభై వేల సంగతి. ఆ డబ్బుకు జరిగే పని ఇది: రెక్క పీకి, కోసిన చోట ఫైబర్ మ్యాటు, రెసిను పరిచి, దాని మీద పుట్టీతో వంపు ఆకారం తెచ్చి, నీలం రంగు కొడతారు. షెడ్డు నుంచి బయటకొచ్చిన రోజు పెద్దమ్మ కళ్ళు చెమర్చేంత బాగుంటుంది. రెండు వానాకాలాలు గడిస్తే ఫైబరుకూ రేకుకూ అతుకు దగ్గర వెంట్రుక వాసి గీత కనపడుతుంది, ఆ గీత లోంచి ఎర్ర నీళ్ళు. ఎండకు రేకు సాగేది ఒక రకం, ఫైబరు సాగేది ఇంకో రకం. ఆ రెండింటినీ పుట్టీ పట్టి ఉంచలేదు. పుట్టీని నేను తిట్టడం లేదు, మా అన్నం అదే. రెండు మూడు మిల్లీమీటర్ల మందం దాకా, అదీ గట్టి రేకు మీద వేసినప్పుడు, అది మంచిదే.

సరైన పని ఎట్లుంటుందో చెప్తాను, షెడ్డులో నిలబడి చూసుకోవడానికి పనికొస్తుంది. రివెట్ల తలలు డ్రిల్లుతో తీయాలి, స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తకూడదు, రేకు వంకరపోతుంది. రెక్క కింద జిగురు ఉంటే హీట్ గన్నుతో వెచ్చచేసి, ముందు అద్దం విప్పేటప్పుడు వాడే సన్న తీగతో కోసుకుంటూ పోవాలి. అప్పుడు వరసగా రివెట్ల రంధ్రాలు బయటపడతాయి. వాటిని పుట్టీతో పూడ్చేవాణ్ణి ఆ క్షణమే ఆపండి. రంధ్రం చుట్టూ పెయింటు గీకి, వెనక నుంచి రాగి పట్టీ అదిమి పట్టుకుని, ముందు నుంచి సీవో2 వెల్డింగ్ మిషన్‌తో ఒక్క చుక్క వేస్తే రంధ్రం మూసుకుంటుంది. కరిగిన స్టీలు రాగికి అంటుకోదు, అందుకే రాగి. చుక్క చల్లారాక గ్రైండ్ చేస్తే ఆ చోట రంధ్రం ఉండేదని వేలికి కూడా తెలియదు. పక్క పక్క రంధ్రాలు వరసగా వేయకూడదు. ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర, మధ్యలో రేకు చల్లారనివ్వాలి. 0.8 మిల్లీమీటరు రేకు అది, వేడి ఒకచోట చేరితే అప్పడంలా ఉబ్బుతుంది.

కోసిన వంపులకు కొత్త రేకు కావాలి. చెన్నైలో పాత కార్ల సామాన్లు అమ్మే పుదుపేటలో దొరకనిది లేదంటారు గానీ, ఈ కారు రేకుకోసం అక్కడ తిరగడం టైము వేస్టు. ఇంగ్లండులో ఈ కార్లకు వెనక వంపులూ డోరు కింది సిల్స్‌ తుప్పు పట్టడం మామూలు, అందుకని రిపేరు ప్యానెళ్ళు అక్కడ విడిగా చేసి అమ్ముతారు. పెదనాన్న స్నేహితులు ఎవరైనా అక్కడే ఉండే ఉంటారు, వాళ్ళ చేత తెప్పించుకోండి. కస్టమ్స్ సుంకం ముందే లెక్కలో వేసుకోండి. మంచి టింకరు దగ్గర ఇంగ్లీష్ వీలు అనే రేకు వంచే మిషను ఉంటే రేకు ఇక్కడే వంచి చేయగలడు కూడా. అయితే రెండు వైపులూ ఒకే వంపు రావాలి. ఒకవైపు వంపు బాగుంటే దానికి అట్టముక్క ఆనించి గీసి, తిరగేసి రెండోవైపు పెట్టుకుని చూడాలి. రెండు వైపులా కోసేసి ఉంటే ఆ అట్ట ఎక్కణ్ణుంచి తెస్తారు? అందుకే కొనుక్కోమని నా సలహా.

రేకు అతికేటప్పుడు డోరు బిగించే ఉండాలి. డోరుకూ వెనక రేకుకూ మధ్య సందు పై నుంచి కింది దాకా ఒకే తీరుగా ఉందని చూసుకున్నాకే టాకాలు వేయాలి. డోరు విప్పి పక్కన పెట్టి హాయిగా వెల్డింగ్ చేసుకునే మేస్త్రీని చూస్తే నాకు భయం. తర్వాత డోరు పట్టక, దాన్ని మోకాలితో వంచుతాడు.

పనిలో పని, సిల్స్ కూడా తెరిచి చూడమనండి. గుడ్డ టాపు మీద పడ్డ వాన సీట్ల వెనక ఇరుపక్కలా ఉన్న గొట్టాల్లోంచి కిందికి, వెనక చక్రాల ముందుకు పోతుంది. చెత్త చేరి ఆ గొట్టాలు మూసుకుంటే నీళ్ళు సిల్‌లో నిలుస్తాయి. లోపలి నుంచి బయటికి కుళ్ళుతుంది. మేత షెడ్డులో ఉందన్నారు కదా, తవుడు దుమ్ము, ఎలుకలు తెచ్చిన పరకలు అన్నీ అందులోనే ఉంటాయి. మెత్తటి నైలాన్ వైరు పోనిచ్చి శుభ్రం చేయండి, ఇనప తీగ వద్దు. ఇంకోటి: కారును చెరువు మోటారు నీళ్ళతో కడుగుతున్నారా? ఆపండి. రొయ్యకు బాగుండే నీళ్ళు రేకుకు విషం. ఇంటి మంచినీళ్ళతోనే కడగాలి.

లేవని లైటుకు కంగారు వద్దు. మోటారు వెనక రబ్బరు మూత తీస్తే చేత్తో తిప్పే చిన్న మీట ఉంటుంది. స్విచ్చి ఆపి, దాన్ని తిప్పుతూ పోతే లైటు లేస్తుంది. చేత్తో సాఫీగా లేస్తే జాయింట్లు బాగున్నట్టు, ఫ్యూజో వైరో మోటారో చూసుకోవాలి. గట్టిగా పట్టేస్తే తుప్పు, గ్రీజు సంగతి. పైకి లేచే లైట్లు 1997 దాకా వచ్చిన ఈ మొదటి తరానికే ఉన్నాయి, తర్వాతి మోడల్‌కు తీసేశారు. కాబట్టి ఎవరైనా "అది లేవకుండా ఒకేచోట బిగించేద్దాం సార్" అంటే ఒప్పుకోకండి.

రంగు విషయం. ఇంజను వెనక గోడ మీద కంపెనీ ప్లేటు ఉంటుంది, అందులో రంగు కోడు చూడండి. డీయూ అని ఉంటే అది మారినర్ బ్లూ, మెటాలిక్ కాదు, మామూలు నీలం. 1989లో ఈ కారు మొదలైనప్పటి రంగుల్లో ఒకటి. కోడు చూపిస్తే పెయింటు షాపులో కలిపిస్తారు, అయినా ఒక్క కోడు నమ్ముకోకండి. డిక్కీలో కార్పెటు కింద అన్న వేయించిన నలుపు చేరని చోట పాత నీలం దొరుకుతుంది. ఎండ తగలని ఆ రంగు పక్కన నమూనా పెట్టి, పగటి వెలుగులో చూసి ఒప్పుకోవాలి. ట్యూబ్‌లైటు కింద ఒప్పుకున్న నీలం బయటికొస్తే వేరే నీలం. పాత నీలం మీద నలుపు, దాని మీద మళ్ళీ నీలం అని పొర మీద పొర వేయించవద్దు. కంపెనీ పెయింటు మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. నాలుగు పొరలు చేరితే డోరు అంచుల దగ్గర పెచ్చులు లేస్తాయి. రేకు కనపడ్డ ప్రతిచోటా ముందు ఎపాక్సీ ప్రైమరు, అతుకుల మీద సీలరు, వంపు లోపల, సిల్ లోపల మైనం స్ప్రే. ఈ చివరిది బయటికి కనపడదు కాబట్టి ఎవరూ చేయరు, డబ్బులిచ్చి చేయించండి.

మరీ ముఖ్యం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రంగు పని పెట్టకండి. మనకు వానలు అప్పుడే. గాలిలో చెమ్మ ఉంటే పెయింటు పాలిపోయినట్టు తెల్లబడుతుంది. మంచి బూత్ ఉన్న చోటైతే పర్లేదు. చెట్టు కింద కొట్టే షెడ్డయితే సంక్రాంతి దాటాక రమ్మనండి. ఆలోపు టింకరింగ్ పూర్తి చేయించి ఎపాక్సీ ప్రైమరులో ఉంచండి.

ఆర్సీ సంగతి మీ పెద్దమ్మ కోరికకు బలం చేకూరుస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టం మార్చి, సొంతదారు అట్లా మారిస్తే ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ అని పెట్టారు. పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకు ఐదేళ్ళకోసారి రెన్యువల్, బండిని చూపించాల్సిందే. ఆర్సీలో నీలం, ఎదురుగా నలుపు, చక్రాలు బాడీ దాటి బయటికి: ఇన్‌స్పెక్టరు ఏమంటాడో ఊహించుకోండి. బాడీ పని ముగిశాకే చూపించండి. పెయింటు వాళ్ళు చాసిస్ నంబరు మీద మందంగా రంగు పోయకుండా టేపు అంటించమని చెప్పండి. నంబరు ముద్ర తీసేటప్పుడు అంకెలు పడకపోతే కొత్త తలనొప్పి. ఇన్సూరెన్సు వాళ్ళు కూడా చెప్పని మార్పులు కనపడితే క్లెయిము దగ్గర పేచీ పెడతారు.

వీల్స్ ఆఖరి మాట. కంపెనీ ఇచ్చినవి 14 అంగుళాలు, టైరు 185/60. ఆ సైజు టైరు మన దగ్గర దొరుకుతుంది. నాలుగు బోల్టులు 100 మిల్లీమీటర్ల వృత్తంలో ఉంటాయి, మన చిన్న కార్లు చాలావాటికి ఇదే కొలత. కాబట్టి పాతవి దొరికేలోపు ఏదో ఒక జతతో బండి కదిలించుకోవచ్చు. చక్రాన్ని బయటికి జరపడానికి వేసిన స్పేసర్లు ఉంటే మాత్రం తీసి పారేయండి.

మొదలుపెట్టే ముందు ఇంట్లో ఆల్బం తెరిపించండి. పెదనాన్న కారు పక్కన నిలబడ్డ ఫోటో ఒక్కటైనా ఉంటుంది. వీల్ డిజైను, బండి ఎత్తు, వెనక బ్యాడ్జి ఎక్కడుంది, అద్దాలు ఏ రంగు, అన్నీ అందులోనే. ఫోటో జెరాక్సు తీసి టింకరు షెడ్డు గోడకు అంటించండి. అన్నను మాత్రం తిట్టకండి. ఆ వయసులో కారు చేతికొస్తే ఎవరైనా అదే చేస్తారు, నా దగ్గరికొచ్చే పిల్లలందరూ అదే అడుగుతారు. రేకు కోసి సీలరు పూయని మేస్త్రీ మీదే నా కోపమంతా.

ప్రశ్న: మాది ఒంగోలు. పెళ్ళి ఊరేగింపులకు తిప్పిన మారుతీ 800 ఒకటి తక్కువకు వస్తోంది. టాపు కోసేసి ఓపెన్ కారు చేశారు. టాపు మళ్ళీ పెట్టించుకుని వాడుకోవచ్చా?

జవాబు: వద్దు. ఆ కారుకు కింద విడిగా చాసిస్ లేదు. టాపు, స్తంభాలు, ఫ్లోరు కలిస్తేనే బలం. టాపు కోసిన రోజు నుంచి అది మధ్యలో కుంగుతూ ఉంటుంది. డోర్లు వేసి చూడండి, ఒకటి గట్టిగా, ఒకటి వదులుగా పడుతుంది. ఇంకో పాత బండి టాపు తెచ్చి అతికించినా కుంగిన ఫ్లోరు లేవదు. 1983 నుంచి 2014 దాకా తయారైన బండి, మంచివి ఇంకా దొరుకుతున్నాయి. ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపి టాపు ఉన్నది కొనుక్కోండి. ఆ ఓపెన్ కారుకు కాగితాలు కూడా సరిగ్గా ఉండవని నా అనుమానం.

ప్రశ్న: సింగరాయకొండ నుంచి రాస్తున్నాను. తెల్ల కారుకు మొత్తం ఎర్ర స్టిక్కరు వేయించాను. పీకేస్తే కంపెనీ పెయింటు పోతుందా?

జవాబు: కంపెనీ పెయింటే అయితే మామూలుగా పోదు. మధ్యలో ఎక్కడైనా డెంటు తీసి రంగు వేయించి ఉంటే ఆ ముక్క మాత్రం స్టిక్కరుతో పాటు లేచి రావచ్చు. కారును ఎండలో పెట్టకుండా నీడలో ఉంచి, హీట్ గన్ను దూరం నుంచి పట్టి, చేయి పెట్టగలిగేంత వెచ్చదనం వచ్చాక, స్టిక్కరును పైకి లాగకుండా వెనక్కి మడిచి రేకుకు దగ్గరగా నిదానంగా లాగాలి. తొందరపడితే స్టిక్కరు చిరిగి జిగురు మిగులుతుంది. బంపరుతో మొదలుపెట్టకండి, అది ప్లాస్టిక్, వేడికి త్వరగా వంగుతుంది. డోరు కింది మూల నుంచి మొదలుపెట్టండి. అక్కడ తెల్ల పెయింటు కూడా లేస్తున్నట్టు కనపడితే అక్కడికక్కడే ఆపేసి, ఆ మూలను టేపుతో అంటించి, షెడ్డుకు తీసుకుపోండి.